పైనుంచి పడేది

ముందు నాన్న ఈల పోయింది, తర్వాత మెట్లెక్కే ఓపిక పోయింది, చివరికి ఊపిరే పోయింది.

కూలబోయే ఉపగ్రహం ముక్క మనిషికి తగిలే అవకాశం ఎన్ని వేలల్లో ఒకటో ఈ ఉదయం ఫోన్‌లో చదివాను. చిన్నప్పుడు భిలాయిలో ఇలాంటి వార్తే విని, ఇసుక అచ్చుల్లో కరిగిన ఇనుము పోసే ఫౌండ్రీలో డ్యూటీకి బయల్దేరిన నాన్న కాళ్లు చుట్టేసుకున్నాను.

"ఇంత భూమ్మీద అది నన్నే ఎతుక్కుంటాదేటే, పిచ్చిదానా!" అని నవ్వి, నా తలకి తన హెల్మెట్ పెట్టి, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని వెళ్లాడు.

ముక్కలు ఎక్కడో సముద్రంలో పడ్డాయి. నాన్న ఇసుక దుమ్ముతో, దగ్గుతూ ఇంటికొచ్చాడు. గండం గడిచిందనుకుని హెల్మెట్ తీశాను.

ఆ దుమ్ముకీ లెక్క కట్టబోయాను. ఎంతమంది పీల్చారో, ఎంతమంది పోయారో రాసినవాళ్లు లేరు. నాన్న ఎంతమందిలో ఒకడో ఇప్పటికీ నాకు తెలియదు.