పూల షో రోజున పొయ్యి వెలగలేదు

బెంగళూరులో కాపురం ఉన్నవాళ్ళకి ఒక శాపం ఉంది. జూలై సగం దాటగానే ఫోన్లు మొదలవుతాయి. పంద్రాగస్టుకి సెలవులు కలిసొస్తున్నాయి, మీ ఊరు చూద్దామనుకుంటున్నాం, ఏమేం చూడాలో కాస్త రాసి పంపు అంటారు. అక్కడితో ఆగరు. అందరికీ తెలిసినవి కాదు, అక్కడుండేవాళ్ళకే తెలిసినవి చెప్పాలంటారు. చెబితే వింటారా అంటే వినరు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్లేదు.

ఈ ఏడాది ఆ ఫోను గుంటూరు నుంచి మా అన్నయ్య చేశాడు. తనూ, వదినా, ఇద్దరు పిల్లలూ మళ్ళీ వస్తున్నారట. ఏం చూడాలో నన్ను అడిగాడు గానీ, అప్పటికే వీడియోలు చూసి ప్లానంతా వేసేసుకున్నాడు. తెల్లవారుతుండగా నంది కొండ మీద సూర్యోదయం, దిగుతూ దేవనహళ్ళి కోట, అక్కణ్ణుంచి ప్యాలెస్, విధానసౌధ ముందు ఫోటోలు, ఆపైన లాల్‌బాగ్‌లో పూల షో, ఒంటిగంటకల్లా మా ఇంట్లో భోజనం. ఫోన్లో మ్యాపు చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నాయట. నాకు తిక్క రేగింది.

ఈ ఊళ్ళో దూరం ఎంత అని అడక్కూడదు, దారిలో సిగ్నళ్ళు ఎన్ని అని అడగాలి అన్నాను. ఆగస్టులో నంది కొండ ఎక్కితే కనిపించేది సూర్యుడు కాదు, మబ్బు. పంద్రాగస్టు నాడు లాల్‌బాగ్‌లో ఇసకేస్తే రాలదు, అందుకని ముందురోజు పొద్దున్నే వెళ్ళాలి, గేటు తీసేసరికి అక్కడుండాలి. కారు తీస్తే అది పెట్టుకోవడానికి చోటు దొరికేలోపు పూలు వాడిపోతాయి, మా ఇంటినుంచి నడిచే వెళ్ళండి, గొడుగు మర్చిపోకండి. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అన్నయ్య అన్నీ విని, నువ్వు మరీ భయపెడతావే అన్నాడు.

సరే, గేట్ల సంగతి ఇంకాస్త కనుక్కుని చెబుదామని మా అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాళ్ళది నాలుగు తరాల పాత బెంగళూరు తెలుగు కుటుంబం. లాల్‌బాగ్ పక్కనే మావళ్ళిలో మేమంతా ఉండే ఇల్లు, మిద్దె ఎక్కితే తోట చెట్లు కనిపిస్తాయి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆవిడకి ఇదే లోకం. వంటింటి గడప దగ్గర కూర్చుని బీన్స్ తుంచుకుంటోంది. పూల షో పెట్టే గాజింటి దగ్గర తోపులాట తక్కువుండాలంటే ఎటునుంచి వెళ్ళాలత్తా అని అడిగాను.

"నాకేం తెలుసమ్మా. షో నేనెప్పుడూ చూళ్ళేదు కదా" అంది, బీన్స్ మీంచి తలెత్తకుండా.

వేళాకోళం అనుకున్నాను. మోకాళ్ళు మొరాయించేదాకా రోజూ పొద్దున్నే లాల్‌బాగ్‌లో నడిచిన మనిషి. డెబ్బయ్యేళ్ళు దాటాయి. చూడలేదంటే ఎలా నమ్మడం? గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటే బయటపడింది. షో ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, ఆగస్టులో. రెండూ సెలవులని అంటుకునే వస్తాయి. సెలవులొస్తే చుట్టాలొస్తారు. ఈ ఇంటి పద్ధతి ఏమిటంటే, చుట్టాలు పొద్దున్నే ఉప్మా తిని ఊరు చూడ్డానికి పోతారు, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆకుల్లో వేడి వేడి అన్నం పడాలి. ఇంటికొచ్చిన వాళ్ళు హోటల్లో తిన్నారంటే ఇంటికే తలవంపులు. కాబట్టి ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరని ఏనాడూ ఎవరూ చర్చ పెట్టలేదు. మొదట్లో వాళ్ళత్త చెబితే ఉండిపోయింది. తర్వాత ఆడపడుచుల కుటుంబాలు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు. నేనొచ్చాక మా గుంటూరు వాళ్ళు. వాళ్ళని తిప్పుకురావడానికి నేను ఆఫీసుకి సెలవు పెట్టేదాన్ని, ఆవిడ వండేది. చుట్టాలు వెళ్ళాక దుప్పట్లు ఉతికి ఆరేసేసరికి షో కూడా అయిపోయేది.

మరి మామయ్య తీసుకెళ్ళలేదా అన్నాను. బతికున్నన్నాళ్ళూ, పూలు యాడికి పోతాయి, వచ్చే ఏడు చూద్దువులే అనేవాడట.

"వచ్చే ఏడు ఏమైంది?"

"వచ్చే ఏడు కూడా చుట్టాలే వచ్చినారు" అంది.

ఇందులో దెప్పిపొడుపు లేదు. అదే నా ఒళ్ళు మండించింది. కసిగా అన్నా బాగుండేది. పీచులు తీసిన బీన్స్ గిన్నెలో వేసుకుంటూ, ఈ ఏడు నడిస్తే నడిచినట్లు, మోకాళ్ళని నమ్ముకునేదానికి లేదు అంది. ఇంకో కాయ అందుకుంటూ, నా మొహం చూడకుండా అడిగింది.

"ఈసారి నన్నూ పిల్చుకోని పోతారా?"

తన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న పూలు చూడ్డానికి ఆ వయసు మనిషి కోడల్ని బతిమాలాలా? ఆ రోజంతా నాకు పని మీద బుద్ధి నిలవలేదు. సాయంత్రం కూర్చుని అన్నయ్యకి ప్లాన్ మళ్ళీ రాసి పంపాను. నంది కొండ లేదు, కోట లేదు. పద్నాలుగో తేదీ పొద్దున్నే అందరం కలిసి పూల షో, అత్త కూడా వస్తుంది, మధ్యాహ్నం భోజనం బయటే. భోజనం మాట అన్నిటికంటే పైన రాశాను.

పావుగంటలో ఫోను. కొండ పోయినందుకు కాదు, కోట పోయినందుకూ కాదు. భోజనం గురించి. "మీ ఊరి తీపి సాంబారు మా నోట పోతుందా? అత్తయ్యగారి చేతి వంట ఉండగా హోటలేంటి?" అని. అత్తయ్యగారి వంట రహస్యం వాళ్ళకి తెలియదు. మా ఇంట్లో కూడా సాంబార్లో బెల్లం పడాల్సిందే. గుంటూరు వాళ్ళు వస్తే ఆవిడ విడిగా ఇంకో గిన్నెలో, బెల్లం లేకుండా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత కారంతో వాళ్ళ సాంబారు పెడుతుంది. అదే వాళ్ళు లొట్టలేసుకుంటూ తినేది. ఆ సంగతి చెప్పి, రెండు పొయ్యిల దగ్గర నిలబడ్డానికి ఆవిడకి మోకాళ్ళు లేవని చెప్పాను. సర్లే నీ ఇష్టం అని పెట్టేశాడు. మా అన్నయ్య సర్లే నీ ఇష్టం అన్నాడంటే ఒప్పుకోలేదని అర్థం. అది నేను అప్పుడే గట్టిగా పట్టుకోవాల్సింది.

వాళ్ళు రైల్లో పదమూడో తేదీ సాయంత్రం దిగారు. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అత్త స్నానం చేసి, నీలంరంగు పట్టుచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చునుంది. మోకాళ్ళకి నూనె రాసుకున్నట్టుంది, వాసన తెలుస్తోంది. చేతిసంచిలో మంచినీళ్ళ సీసా కూడా పెట్టుకుంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు కూడా ఆవిడ అంత ముందుగా తయారవ్వడం నేను చూడలేదు.

అప్పుడు మా వదిన లోపల్నుంచి ఒక సంచీ తెచ్చింది. నిండా గుండ్రటి లేత వంకాయలు. ఊరినుంచి మోసుకొచ్చిందట. అత్తయ్యగారు చేసే గుత్తివంకాయ కోసం పిల్లలు కలవరిస్తున్నారు, రేపే కదా మా ప్రయాణం, అంటూ ఆవిడ ఒళ్ళో పెట్టింది. అన్నయ్య బూట్లు వేసుకుంటూ వంత పాడాడు. "పూల షోదేముంది, అత్తయ్యగారికి కొత్తా? ఇక్కడివాళ్ళు ఏటా చూసేదేగా. మేం ఒంటిగంటకల్లా వచ్చేస్తాం."

ఇక్కడివాళ్ళు కాబట్టి చూసే ఉంటారట. ఎంత సులువుగా తేల్చేశాడో.

నేను నోరు తెరిచేలోపే అత్త లేచింది. మొహం మీద నవ్వు చెరగనివ్వలేదు. దానికేంలేప్పా, చేస్తాను అని, పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని వంటింట్లోకి నడిచింది. పేపరు చదువుతున్న మా ఆయన, అమ్మకి జనంలో తిరగడం పడదులే అన్నాడు. పడదని నీకెవరు చెప్పారు, ఏనాడైనా అడిగావా అన్నాను. పేపరు దించి నన్ను ఒకసారి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు. అడిగితే కదా తెలిసేది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే వెలిగించిన పొయ్యి ఆర్పేశాను. వంకాయలు సంచీతో సహా ఫ్రిజ్‌లో పడేశాను. హాల్లోకి వచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడ్డాను.

"ఇవాళ ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆవిడ ఆ షో ఇంతవరకూ చూడలేదు. నీలాంటి వాళ్ళకి వండిపెడుతూనే ఉండిపోయింది. ఆకలేస్తే మీకు తీపి సాంబారే గతి."

అన్నయ్య మొహం గంటుపెట్టుకున్నాడు. పుట్టింటివాళ్ళం నాలుగు మెతుకులకి మొహం వాచి రాలేదు అన్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంది. అత్త వెనకనుంచి నా చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది, వద్దమ్మా వద్దమ్మా అని. అన్నయ్య వదిననీ పిల్లల్నీ తీసుకుని, మేం ప్యాలెస్ చూసుకుంటాంలే అని కారు పిలిపించుకుని వెళ్ళిపోయాడు. వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను. ఈ మాటకి నాకు ఇప్పటికీ విచారం లేదు.

మా ఆయన్ని పేపరు దగ్గరే వదిలేసి, నడవగలిగే దూరమే అయినా అత్త మోకాళ్ళ కోసం ఆటో మాట్లాడాను. ఇంత దగ్గరికా అని ఆటో అతను సణిగాడు. గేటు దగ్గర వరసలో నిల్చున్నంతసేపూ ఆవిడ వాళ్ళ గురించే. పిల్లోళ్ళు ఏం తింటారో, మీ అన్న మనసు కష్టపెట్టుకున్నాడో ఏమో అని. నేను ఆవిడ చేతిసంచి అందుకున్నాను.

గాజింట్లో అడుగు పెట్టగానే ఆవిడ మాట ఆగిపోయింది. నడిమధ్యలో మిద్దెంత ఎత్తున గోపురం, అంతా పూలే. ఎర్ర గులాబీలు, తెల్ల చామంతులు వరసలు వరసలుగా. చుట్టూ నేను పేరైనా ఎరగని పూలు, పైకప్పు అద్దాల్లోంచి వాటి మీద పడుతున్న వెలుతురు. జనం కదులుతూనే ఉన్నారు. కాపలా అతను ఈల ఊదుతూ కన్నడంలో ముందుకి నడవండి, ముందుకి నడవండి అంటున్నాడు. అత్త కట్టిన తాడు పట్టుకుని నిలబడిపోయింది. సంతోషపడుతుందనుకుని ఆవిడ మొహం చూశాను. సంతోషం కాదు. దవడ బిగిసింది. ఇన్నేళ్ళలో ఆవిడకి కోపం రావడం నేను చూడలేదు. అదే మొదటిసారి.

"ఇంత ఉండాది" అంది. "వాళ్ళకి వడ్డించేటప్పుడు ప్రతిసారీ అడిగేదాన్నమ్మా, ఎట్లుండాది షో అని. ఏముంది, ఉత్త జనం, నువ్వు రాకపోయిందే మేలు అనేవాళ్ళు. మీ మామ కూడా అట్లే చెప్పినాడు. అందరూ అదే చెప్పినారు. నేను నమ్మినాను."

ఆవిడ బాధపడకూడదనే అలా చెప్పి ఉంటారు. ఆవిడ వండిన అన్నం తింటూ, ఆవిడ మొహం మీదే. ఎంత తేలికైన దయ! అంతకంటే ఒక పూట గరిటె పట్టుకుని ఉంటే పోయేది కదా ఎవరైనా.

అప్పుడే ఫోను మోగింది. అన్నయ్య. ప్యాలెస్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట, పిల్లలు ఆకలని ఏడుస్తున్నారట, మీరు ఇంటికెళ్ళి కనీసం కుక్కరైనా పెట్టండి అంటున్నాడు. నేను ఏదో అనబోతుంటే అత్త చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను.

"అప్పా, మేము ఇప్పుడే రాము" అంది. "పిల్లోళ్ళకి యాడన్నా తినిపించు. నాకు ఇంకా చూసేది శానా ఉండాది."

ఫోను నా చేతిలో పెట్టింది. కాపలా అతను మళ్ళీ ఈల ఊది, బయటికి దారి అటని చూపించాడు. అత్త అటు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, మేం లోపలికొచ్చిన గుమ్మం వైపు తిరిగింది.

"మళ్ళా మొదట్నించి చూద్దాం పా" అంది.