హాల్లో మగ్గం, బిల్డింగుకు బీమా

మా అపార్ట్‌మెంటు బీమా ప్రీమియం పెరిగినప్పుడల్లా ఒక కారణం చెప్పేవారు. ఒక ఏడు పట్నంలో వానలకు సెల్లార్లు మునిగాయన్నారు. మాది నల్లగొండ జిల్లా. జిల్లాను ముక్కలు చేసి మా ముక్కకు వేరే పేరు పెట్టినా వాన మాత్రం పాత పద్ధతిలోనే పడుతుంది, అంటే పడదు. మా సెల్లారులో నీళ్ళు కనబడాలంటే ట్యాంకరు రావాలి. అయినా వరద ధర కట్టాం. మరుసటి ఏడు ఎక్కడో గోదాము కాలిందన్నారు. దానికీ కట్టాం. దాని మీద సర్కారు పన్ను వేరే. ప్రమాదం జరిగినా జరగకపోయినా పన్ను మాత్రం తప్పకుండా జరుగుతుంది.

ఆ తర్వాతి ఏడు చెప్పిన కారణం నేను.

నేను నేతగాణ్ణి. బడికి పోయింది తక్కువ. నూలు చుట్టి వచ్చే పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. పోచంపల్లిలో మా ఇల్లు రోడ్డు వెడల్పు కింద పోతే, వచ్చిన పైసలతో చౌటుప్పల్‌లో మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు కొన్నాం. పాతింట్లో గుంట మగ్గం ఉండేది, గుంటలోకి కాళ్ళు దించి నేసేవాణ్ణి. ఇక్కడ గుంట తవ్వితే కింది వాళ్ళ పూజగదిలోకి కాళ్ళు దిగుతాయి. అందుకని నేల మీద నిలబడే మగ్గం చేయించి హాల్లో పెట్టాం. టీవీ వంటింట్లోకి పోయింది.

ఈ కొత్త మగ్గానికి సర్కారు నంబరు ఉంది. చేనేత ఆఫీసు వాళ్ళు వచ్చి, నడుస్తున్న మగ్గాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, నంబరు బిళ్ళ కొట్టి పోయారు. ఆ రోజు మగ్గం ఆపి పెళ్ళికి పోయిన మా మేనత్త కొడుక్కి నంబరు రాలేదు. నంబరు ఉన్నవాడే నేతగాడు. నేతగాడి ప్రాణానికే సర్కారు బీమా. నేను పోతే మా ముసలిదానికి వచ్చేది అదొక్కటే. అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది: ఫోను పట్టుకుని ఆఫీసరు వస్తే, ఏ పనిలో ఉన్నా వదిలి మగ్గం మీద కూర్చోవాలి.

మా అపార్ట్‌మెంటు సెక్రటరీ రిటైరైన లెక్కల సారు. ఒకనాడు తలుపు కొట్టి, "రేపు ఆఫీసరొస్తుండు పెద్దాయినా. ఇండ్లన్నీ చూస్తడట. తాళమేసి పోకుండ్రి" అన్నాడు.

మా ఆవిడ తెల్లారే మగ్గానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూలు కట్టింది. నన్ను నేతకు కూర్చోబెట్టి, తాను కండెలు చుట్టే మోటారు ముందేసుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పిల్లగాడు వచ్చాడు, చేతిలో ఫోను.

"నడుస్తాందా తాతా?"

"నడువకేం? పొద్దుగాల్నుంచి మాపటిదాంక నడుస్తది."

"మోటార్లు గిట్ల ఉన్నయా?"

"గిదొకటి, లోపలొకటి బిడ్డా" అంది మా ఆవిడ. "రంగులు బాల్కనీల ఉడకవెడ్తం. పట్టు మంచం కింద ఉంటది, చూస్తవా?"

చూశాడు. ఫోటోలు తీశాడు. చాయ్ తాగాడు. బుద్ధిమంతుడని మెచ్చుకున్నాం.

అతను బీమా కంపెనీ సర్వేయరని ప్రీమియం రెట్టింపైనాక తెలిసింది. కంపెనీ కాగితంలో మా ఫ్లాటు ఉన్న వరసలో వర్క్‌షాపు అని రాసి ఉంది. యంత్రాలు, రసాయనాలు, మంటలంటుకునే సరుకు నిల్వ. పుట్టిన కాన్నించి నేస్తున్నాను. నన్ను ఫ్యాక్టరీ యజమానిగా గుర్తించిన మొదటి మనిషి అతనే.

సెల్లారులో మీటింగు పెట్టారు. "మగ్గం తీసెయ్యాలె పెద్దాయినా" అన్నాడు సెక్రటరీ. "బీమానే ఇడిసిపెడ్దామంటే, ఫ్లాటు మీద లోను ఉన్నోళ్ళను బ్యాంకోడు ఇడువడు."

పై అంతస్తులో ఉండే ఎరువుల షాపాయన లేచాడు. "నీ పట్టుకు మేం కట్టాల్నా?"

"నువ్వు మెట్ల మీద తాగే సిగరెట్లకు నేను కడ్తలేనా?" అన్నాను. "మగ్గం తీస్తే నంబరు పోతది. నంబరు పోతే నా బీమా పోతది."

"ఉంటే మా బీమా పెరుగుతాంది గద!"

ఇద్దరం చెప్పిందీ నిజమే. మగ్గం నడిస్తేనే ఒక బీమా ఉంటుంది, నడిస్తే ఇంకో బీమా అందదు. ఈ రెండు నిబంధనలు రాసినవాళ్ళు ఎన్నడూ ఎదురుపడి మాట్లాడుకున్నట్టు లేదు.

సెక్రటరీ కళ్ళద్దాలు పెట్టుకుని కంపెనీ కాగితమంతా చదివి ఒక దారి పట్టాడు. నడవని మగ్గం ఫర్నిచరు కిందికి వస్తుందట. "మళ్ల సర్వేకు పిలుస్త. నడుస్తలేదని చెప్పు, గంతే."

"నా మగ్గాన్ని సోఫా అని చెప్పాల్నా? చెప్ప."

"అయితే నేను చెప్త" అంది మా ఆవిడ.

రెండో సర్వే నాటికి నేసిన చీర కోసి దించాం. మగ్గం ఖాళీ. పొద్దున నేను లేచేసరికి దాని మీద తడి బట్టలు. నా లుంగీ, ఆమె లంగాలు, ఒక దుప్పటి. మగ్గానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి ఆమె. నేను ఏదో అనబోయాను.

"నోరు తెరువకు" అంది. "నువ్వు పోయినంక నేనుండాలె గద."



అదే పిల్లగాడు వచ్చాడు. "మొన్న నడిచింది కద అవ్వా?"

"ఆయినె మోకాళ్ళు పోయినయి బిడ్డా. గిప్పుడు బట్టలారేసుకుంటున్నం."

అతను దుప్పటి కొస ఎత్తి బిళ్ళ చూశాడు. "మరి గీ నంబరేంది?"

"సర్కారోళ్ళు కొట్టిపోయిండ్రు. వాళ్ళు దేనికైనా కొడ్తరు."

తలూపి రాసుకున్నాడు. ఆమె చెప్పినవాటిలో అతను అనుమానించని మాట అదొక్కటే.

ప్రీమియం దిగింది. పాత ధరకు కాదు, పట్నంలో మళ్ళీ వాన పడిందట. మా మగ్గం మా హాల్లోనే ఉంది. ఆ రోజు పిల్లగాడు గేటు దాటగానే మా ఆవిడ బట్టలన్నీ తీసి, కొయ్యను పొడిగుడ్డతో తుడిచి, అగరొత్తి వెలిగించి, మగ్గంతో చాలాసేపు మెల్లగా మాట్లాడింది. నేను బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. తడి పూర్తిగా ఆరినాకే కొత్త పడుగు ఎక్కించనిచ్చింది.

ఇప్పుడు ఎవరో ఆఫీసరు వస్తున్నాడని సెక్రటరీ చెప్పడానికి వస్తే, ఆమె వంటింట్లోంచే అడుగుతుంది:

"నడిపియ్యాల్నా, ఆరెయ్యాల్నా?"