వేరుశనగ వెన్న కాచిన దొరబాబు

ఒక్క మనిషి భోజనానికి వీధి వీధంతా బకెట్లతో పరుగెత్తుకు రావడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆ వంటిల్లు నాదే.

అప్పటికే మా దివాణం చరిత్రలో కలిసిపోయింది. ఏనుగు పోయింది, తోటలు పోయాయి. తాతగారి వెండి నేతిగిన్నె, వంగడం తెలియని నా మెడ మాత్రం మిగిలాయి. ఆ రెంటితో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో గుమాస్తాగా చేరాను. అక్కడే డిగ్నాబాద్ పేటలో రేకుల ఇల్లు. ఆఫీసులో మాత్రం, "మా ఇంట నెయ్యి లేకుండా ముద్ద ఎత్తం" అని రోజూ కోతలు.

మా సూపరింటెండెంటుగారిది మా దివాణం పక్క ఊరే. ఒకనాడు ఆయన, "అయితే ఈ ఆదివారం మీ ఇంట్లోనే భోంచేస్తానయ్యా. ఆ నేతిగిన్నె చూడాలి" అన్నారు.

ఆ వారం తుపాను గాలికి ఓడ రాలేదు. ఊళ్లో చుక్క నెయ్యి లేదు. ఖాళీ గిన్నెలోంచి తాతగారి పరువు ఎలా వడ్డించను? పక్కింటి సూరమ్మ పిన్నితో చెప్పుకున్నాను. ఆవిడది శ్రీకాకుళం వైపు. భర్త ఓడలో పనిచేస్తాడు.

"జహాజ్ వస్తే గానీ బజార్లో కుఛ్ నహీ, దొరబాబూ. మా ఆయన ఓడలో వేరుశనగ్గింజలు రుబ్బి వెన్న సేత్తారంట. అదే సేద్దాం. నాను రుబ్బుతానుండండి."

"వద్దు పిన్నీ. రోలు ఇస్తే చాలు."

"తవరెప్పుడైనా రోలు ముట్టుకున్నారా?"

"మా ఇంట్లో వంటవాళ్లు బారులు తీరి ఉండేవారు."

"అందుకే అడుగుతన్నాను."

అమ్మ ఊరినుంచి పంపిన గింజలు ఆదివారం పొద్దున్నే వేయించి, పొట్టు ఊది, రోట్లో పోశాను. మొదట పొడి అయింది. తర్వాత ముద్దయి, మా వంశానికి తగిన మొండితనంతో పొత్రాన్ని పట్టుకుంది. భుజాలు పడిపోయే వేళకు ఆ ముద్ద మెల్లగా మెరిసింది. వదులైంది. తేనెలా జారింది. చుక్క నీళ్లు పోయలేదు, చుక్క నూనె పోయలేదు. గోరంత గింజలో ఆ ప్రవాహం అంతకాలం ఎక్కడ దాక్కుందో! తాతగారిని అంబారీ మీద చూసినప్పుడు కూడా నేనంత నివ్వెరపోలేదు. రోటికి దండం పెట్టాను.

దండంతో ఆగినా బాగుండేది. మీరే చెప్పండి, తెలుగువాడు వెన్నను చూసి ఊరుకుంటాడా? కాచి నెయ్యి చేయడూ? సగం ఇత్తడి గిన్నెలోకి తీసి పొయ్యెక్కించాను. సువాసన కోసం తమలపాకు కూడా వేశాను.

నెయ్యి తేరలేదు. వెన్న ఎర్రబడింది, నల్లబడింది, ఆపైన ఓడ పొగగొట్టంలా మారింది. రేకుల సందుల్లోంచి లేచిన ఆ పొగ మహత్తర దృశ్యమని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. బకెట్లన్నీ ఒలికాక పిన్ని అడిగింది:

"ఏటి కాల్చేరు దొరబాబూ?"

"నెయ్యి."

"పల్లీ వెన్నతోనా?"

"వెన్నే కదా."

పిన్ని గుమ్మంలో చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

సరిగ్గా అప్పుడే, పంచె ఎత్తిపట్టుకుని నీళ్ల గుంటలు దాటుతూ సూపరింటెండెంటుగారు వచ్చారు. పిన్ని గభాల్న లేచి, రోట్లో మిగిలిన సగంలో ఉప్పు, కారం, చింతపండు, వెల్లుల్లి వేసి నూరి, వెండి గిన్నెకెత్తి వడ్డించింది. వేడన్నంలో కలిపి మొదటి ముద్ద తిన్న ఆయన కళ్లు మూసుకున్నారు.

"ఏమిటయ్యా ఇది?"

నా మెడ నిటారుగా లేచింది. "దివాణం పచ్చడండీ. మా వంశంలో పెద్దకొడుకే రుబ్బాలి. పరాయి చెయ్యి పడకూడదు."

తలుపు వెనక పిన్నికి దగ్గు వచ్చింది.

గిన్నె ఖాళీ అయింది. మర్నాటికి ఆఫీసంతా తెలిసింది. మరుసటి ఆదివారానికి ఊళ్లోని బతు బస్తీ నుంచి, షాదీపూర్ నుంచి గింజల సంచులతో జనం. "పెద్దకొడుకే రుబ్బాలంట గదా, బైఠో దొరబాబూ" అని పిన్ని పీట వేసింది.

అందుచేత తాతగారి వెండి గిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ వెన్ననైనా, అది ఎవరి కడుపున పుట్టిందో విచారించకుండా పొయ్యెక్కించను. ఇక నా మెడ సంగతంటారా, ఇప్పుడు బాగానే వంగుతోంది. రోటి ముందు కూర్చుంటే వంగక ఏం చేస్తుంది?