గోడ కంతలోని నీలి వైరు

మొన్న ఇంటికి సున్నం వేయించేటప్పుడు హాల్లోని పాత బీరువాను పక్కకు జరిపితే, దాని వెనక గోడలో బొటనవేలు పట్టేంత కంత ఒకటి బయటపడింది. "అమ్మా, దీన్ని మూసెయ్యాల్నా?" అని పనాయన అడిగాడు. నేను వంగి ఆ కంతలో వేలు పెట్టి చూశాను.

మా మామగారు పోయిన తరువాత మా ఆయనా, మా మరిదీ ఇల్లు పంచుకుంటే నడిమి హాల్లో గోడ లేచింది. బిందెలు, మంచాలు, చివరికి పచ్చడి జాడీలు కూడా ఇటూ అటూ అయ్యాయి గానీ, ఇంటర్నెట్ వైరు మాత్రం పంచుకోవడానికి రాలేదు. స్తంభం మీది నుంచి వచ్చేది ఒకటే వైరు, అది వచ్చి కలిసే డబ్బా మా వైపు పడింది. ఇటు మా అబ్బాయికి ఒక కంప్యూటరు, అటు మరిది కూతురికి ఒకటి. అన్నదమ్ములకు మాటల్లేవు కాబట్టి పిల్లలిద్దరే మాట్లాడుకుని, గోడకు కంత కొట్టించి, డబ్బా నుంచి ఒక నీలి వైరు అవతలికి పంపించుకున్నారు. పెద్దలిద్దరూ చూశారు, చూడనట్టే ఉన్నారు.

ఆ కంతలోంచి నెట్ ఎంత పోయేదో నాకు తెలియదు గానీ, మాటలు మాత్రం బాగానే పోయేవి. నెట్ ఆగినప్పుడల్లా మా యారాలు, అంటే ఆ మరిది భార్య, "అక్కా, డబ్బాకు పానం ఉన్నదా పోయిందా, జర చూడవా" అని అరిచేది. ఐదో తరగతి దాటని నాకు తెలిసిన వైద్యం ఒకటే, ప్లగ్గు తీసి, పది లెక్కబెట్టి, మళ్లీ పెట్టడం. "నువ్వు గా డబ్బాకు డాక్టరమ్మవైనవక్కా" అని నవ్వేది. ఆ నవ్వు మీదనే ఇయ్యాల ఏం కూర, ఎవరింట్లో పెళ్లి అన్నీ తెలిసిపోయేవి.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. మా పుట్టిల్లు శంకరంపేట దగ్గర. అక్కడ మా పక్కింటివాళ్ల టీవీ పిడుగుకు పేలి గోడంతా మసైపోవడం కళ్లారా చూసినదాన్ని కాబట్టి, ఆకాశం ఉరిమిందంటే నా చేయి దానంతటదే ప్లగ్గుల మీదికి పోతుంది. మన ఈడు ఆడవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరిది కూతురు ఆ ఏడు ఇంటర్ పాసై, ఇంజనీరింగు సీటు కోసం ఏ కాలేజీ, ఏ చదువు ముందు కావాలో కంప్యూటరులో వరస పెట్టుకుంటోంది. ముందురోజు తండ్రి చెప్పినట్టు వరస పెట్టిందట గానీ, తెల్లారి ఆయన్ను బతిమాలి ఒప్పించుకుని, తనకిష్టమైన కంప్యూటర్ల చదువును పైకి మార్చుకుంటానని కంతలోంచి నాకే ముందు చెప్పింది. ఆ సాయంత్రం ఐదింటితోనే గడువు ఆఖరు. నాలుగున్నరకు ఒక్క ఉరుము ఉరిమింది. పప్పు కడుగుతున్నదాన్ని అట్లాగే వచ్చి, టీవీ ప్లగ్గు తీసి, ఆ చేత్తోనే డబ్బా ప్లగ్గూ తీశాను.

మరుక్షణమే గోడ మీద టకటకమని చప్పుడు. "పెద్దమ్మా, డబ్బా బంద్ చేసినవా? ఒక్క బటన్ నొక్కేదుండె, జల్ది పెట్టు!"

పెట్టాను. డబ్బాకు పచ్చ లైటు వచ్చి నెట్ అందాలంటే నాలుగైదు నిమిషాలు పడుతుందని నాకు తెలుసు. అంతలో గాలి లేచి, సందు చివర కొమ్మ విరిగి వైర్ల మీద పడింది. చిత్రమేమిటంటే కరెంటు పోలేదు, నెట్ ఒక్కటే పోయింది. మరిది తన బిడ్డను స్కూటరెక్కించుకుని ఆ వానలోనే చౌరస్తాలోని నెట్ సెంటరుకు ఉరికితే, అక్కడికి పోయేదీ అదే వైరట, అక్కడా ఎర్ర లైటే.

పంపకాలైనప్పటి నుంచి మా గడప తొక్కని యారాలు, తడిసిన కొంగుతో వచ్చి నా పక్కన డబ్బా ముందర కూర్చుంది. తిట్టినా బాగుండేది. మా ఆయనకు ఏం చేయాలో తోచక, తువ్వాలతో డబ్బా మీది దుమ్ము తుడిచాడు. ముగ్గురం ఎర్ర లైటునే చూస్తుండగా గడియారం ఐదు కొట్టింది.

ముందురోజు వరసే నిలిచింది. పిల్లకు దూరపు ఊళ్లో ఇష్టం లేని చదువు వచ్చింది. వైరు అతికించడానికి వచ్చినాయన కొమ్మను చూపించి "గాలికి తెగింది, ఎవలేం జేస్తరమ్మా" అన్నాడు. కాలేజీకి పోయే రోజు పిల్ల కూడా నా చేయి పట్టుకుని, "నువ్వు తీసినందుకు గాదు పెద్దమ్మా, గాలికే పోయింది" అంది. అందరూ అదే నమ్మారు, లేదా నమ్మినట్టున్నారు. నాకు మాత్రం ఏది ముందో ఏది వెనకో మరపు రాదు. ముందు ఉరుము, తరువాత ప్లగ్గు, ఆ తరువాత గోడ మీద చప్పుడు. గాలి లేచింది వీటన్నిటి వెనక.

ఆ పిల్ల ఇప్పుడు సంగారెడ్డిలో, చదివినదానికి సంబంధం లేని ఏదో ఉద్యోగం చేస్తోంది. వచ్చినప్పుడల్లా "మంచిగనే ఉన్న పెద్దమ్మా" అంటుంది. అంతకు మించి అడిగే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లకు నెట్ ఉంది, ఒకరినొకరు పిలిచే పని లేదు. గోడకవతల యారాలు ఏం వండుకుందో వారమైనా నాకు తెలియదు. పనాయన నా జవాబు కోసం చూసి చూసి, లప్పం పెట్టి కంత మూసేశాడు.

నిన్న సాయంత్రం ఉరిమితే నా చేయి అలవాటుగా ఆ మూలకే పోయింది. డబ్బా, నీలి వైరూ తీసేసి ఎన్నేళ్లయిందో. తీయడానికి ప్లగ్గు లేక, కంత ఉన్న చోట అరచేయి ఆనించి, అవతల ఎవరైనా కొడతారేమోనని కాసేపు నిలబడ్డాను. లప్పం ఇంకా ఆరలేదు, చేతికంటింది.