పంజాగుట్టలో మొరాయించిన థ్రాటిల్

రాజమండ్రి నుంచి బైక్ మీద హైదరాబాద్ వెళ్లాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఎలక్ట్రానిక్ థ్రాటిల్, అదే యాక్సిలరేటర్, మొరాయించింది. ఇంజిన్ ఆడుతోంది గానీ ఎంత తిప్పినా బండి ముందుకు పోవడం లేదు. వెనక ఒకటే హారన్లు.

ఇంతలో స్కూటీ మీద ఒకావిడ పక్కకొచ్చి, నా ఫుట్‌రెస్ట్ మీద కాలు ఆనించి తోయసాగింది. ముక్కూమొహం తెలియని మనిషి! నిర్ఘాంతపోయాను.

"సీదా పట్టు అన్నా!" అని అరిచింది.

నేను కంగారులో థ్రాటిల్ తిప్పే పట్టుకున్నాను. ఫ్లైఓవర్ దిగాక హ్యాండిల్ కాస్త మళ్లించగానే అది హఠాత్తుగా పనిచేసి బండి ముందుకు దూకింది. ఆమె కాలు జారి, స్కూటీ డివైడర్‌ను రాసుకుంటూ ఆగింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. బండి ఆపి పరుగెత్తాను.

"దెబ్బ తగిలిందాండీ?"

"నాకేం కాలే. హ్యాండిల్ తిప్పంగనే ఉరికింది, చూసినవా?"

నా బండి దగ్గరికెళ్లి హ్యాండిల్ తిప్పి చూశాను. నిజమే. హ్యాండిల్ కింద థ్రాటిల్ వైరు నలిగి, ఒకవైపు తిప్పితేనే కలుస్తోంది.

"అమీర్‌పేటల మెకానిక్ ఉన్నడు. కీ తీసి జేబుల పెట్టుకో," అంటూ స్కూటీ పక్కకు తెచ్చి మళ్లీ ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టింది.

"ఇంత జరిగాక కూడానా!"

"మరి గీడ్నే పంటవా అన్నా?"

అమీర్‌పేట దాకా నా వణుకు తగ్గలేదు. ఆమె కాలు మాత్రం కదల్లేదు.