రెండు ర్యామ్ ముక్కలతో దిల్‌సుఖ్‌నగర్‌లో

ముందుగా నాకు ఖచ్చితంగా తెలిసిన విషయాలు చెబుతాను. చంపాపేట్‌లో మా పై అంతస్తులో కిరాయికి ఉంటున్న ఆవిడ పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఒక ఫొటో స్టూడియోలో పని నేర్చుకుని, తర్వాత ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టారు. ఆవిడ కంప్యూటర్ ఎల్బీనగర్‌లోని ఒక పెద్ద షోరూమ్‌లో, ఫ్రిజ్‌ల పక్కన అమ్మకానికి పెట్టిన కంపెనీ డెస్క్‌టాప్. దాని పెట్టె బాగా సన్నం. లోపల ర్యామ్ పెట్టే స్లాట్లు రెండున్నాయి, వాటిలో ఒకటి ఖాళీ. కరెంటు అందించే పవర్ సప్లై ఆ కంపెనీ తన కోసమే చేయించుకున్న ఆకారంలో ఉంది. బజారులో దొరికే మామూలుది అందులో కూర్చోదు. ఇవి నేను మూత విప్పి, టార్చి వేసి చూసినవి.

మిగిలినదంతా వినికిడి. ‘ముందు ముందు ఏ పార్టయినా మార్చుకోవచ్చు’ అని అమ్మిన రోజున షోరూమ్ కుర్రాడు చెప్పాడట. ‘షోరూమ్ సరుకులో బయటి పార్టు ఒక్కటి కూడా పట్టదు’ అని ఆవిడ మరిది చెప్పాడట. ‘గ్రాఫిక్స్ కార్డు వేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అని స్టూడియో యజమాని చెప్పాడట. ఈ ముగ్గురిలో ఎవరూ పెట్టె లోపలికి చూడలేదు. నేను మందుల కంపెనీ పరీక్షశాలలో పనిచేస్తాను. సీసా మీద ఏమని రాసి ఉన్నా, లోపల అదే ఉందని తేలేవరకు సంతకం పెట్టకపోవడం మా వృత్తి. అందుచేత ఈ మూడు మాటలనూ నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు.

ఆవిడ కష్టం ఇది. స్టూడియోవాళ్ళు ఈ మధ్య పెద్ద సైజు షీట్లకు మారారు. ఒక్క షీటులో ఇరవై ముప్పై ఫొటోలు పొరలు పొరలుగా ఉంటాయి. తలంబ్రాల షీటు తెరిస్తే కంప్యూటర్ కొయ్యబారిపోయేది. ఆవిడ వెళ్ళి పప్పు కుక్కరు పెట్టి వచ్చేసరికి తెర మీద సగం పెళ్ళికూతురు మాత్రం కనిపించేది. మరో వారంలో ఒక పెద్ద ఆల్బమ్ నమూనా పెళ్ళివారికి చూపించాలి. చూపించలేకపోతే ఈ సీజన్ పనంతా సైదాబాద్‌లోని మరొక డిజైనర్‌కు ఇస్తామని స్టూడియో యజమాని తేల్చి చెప్పాడు. కొత్త కంప్యూటర్ కొనడం ఈ ఏడు కుదరదు. పాతది బాగుపడాలి, లేదా ఆవిడ పదేళ్ళుగా కూడబెట్టుకున్న పని చేజారాలి.

“సార్, జర మీరు చూడుండ్రి. వీళ్ళ మాటలు వింటుంటే పరేషాన్ అయితుంది,” అని ఆదివారం పొద్దున్నే కిందికి వచ్చి అడిగారు.

మా ఆవిడ ఆమెకు టీ ఇస్తూ, “ఈయన్ని అడిగావా? కొబ్బరికాయ కొనమంటే బండిలో ఉన్నవన్నీ ఊపి చూస్తారు. బండివాడు దణ్ణం పెట్టి పంపించేస్తాడు. నీ పెళ్ళివారు ముసలివాళ్ళయిపోతారమ్మా,” అంది.

“ఊపి చూసినోళ్ళే గావాలక్కా నాకు. నవ్వుకుంట చెప్పేటోళ్ళు శానమంది ఉన్నరు.”

మొదట రోగమేదో తెలియాలి. ఆవిడను తలంబ్రాల షీటు తెరవమని, కంప్యూటర్ తన భాగాల శ్రమను తానే చూపించే తెరను పక్కనే తెరిచి ఉంచాను. చేస్తున్న పనిని యంత్రం తాత్కాలికంగా పెట్టుకునే చోటు ర్యామ్, అది నిండిపోయింది. ఫైళ్ళు దాచుకునే హార్డ్ డిస్క్, చోటు చాలని ఆ సరుకును కూడా మోస్తూ, ఊపిరాడకుండా తిరుగుతోంది. గ్రాఫిక్స్ భాగం మాత్రం దాదాపు ఖాళీగా కూర్చుంది. షీటు మార్చి మరోసారి చూశాం, అదే చిత్రం. గ్రాఫిక్స్ కార్డు సలహా అక్కడితో పోయింది. కొన్నా ఆ సన్నపు పెట్టెలో మామూలు కార్డు నిలబడదు, ఆ పవర్ సప్లై పెద్ద కార్డును మోయలేదు. కావలసినవి రెండు: ఖాళీ స్లాటులోకి మరో ర్యామ్, తిరిగే డిస్కుకు బదులు అంతకన్నా ఎంతో వేగమైన ఎస్‌ఎస్‌డీ.

ఏ ర్యామ్, ఏ ఎస్‌ఎస్‌డీ అన్నదే అసలు చిక్కు. ర్యామ్‌లలో తరాలుంటాయి; ఒక తరానిది మరో తరపు స్లాటులో దిగదు. ఎస్‌ఎస్‌డీలలో పుల్లలాంటి సన్నపు రకం ఒకటుంది, ఈ పెట్టెలో దానికే చోటుంది. అందులోనూ రెండు జాతులున్నాయి, చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లోని పుస్తకం చదివాను. ఒకే పేరు మీద మూడు రకాల పెట్టెలు అమ్మారు కనుక, పుస్తకం మూడింటి గురించీ కలిపి మాట్లాడింది. ర్యామ్ తరం తెలిసింది. ఎస్‌ఎస్‌డీ జాతి గురించి ‘మోడల్‌ను బట్టి’ అన్న మాట దగ్గర ఆగిపోయింది.

దుకాణంలో అడగాలి. ఏ దుకాణదారుడి మాట నమ్మాలి అన్న ప్రశ్న నాకు వెంటనే వచ్చింది. దానికి జవాబు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది.

“ఇప్పుడు దాంట్ల ఉన్న ర్యామ్ తీసియ్యుండ్రి సార్. దాన్నే తీస్కపోయి, గీ కంప్యూటర్ల ఇది పడ్తదా అని అడుగుత.”

“అది అందులో ఉన్నదే కదండీ. పడుతుందని మనకు తెలుసు.”

“మనకు తెల్సు. వాళ్ళకు తెల్వదు గద.”

నేను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. ఈ ఉపాయం ఎక్కడిదని అడిగాను.

“ఆల్బమ్ పనిల గంతే సార్. కొత్త ప్రింటింగ్ ల్యాబ్ మొదలువెడితే ఫస్ట్ కొత్త షీట్ ఇయ్య. ఎన్నడో మంచిగొచ్చిన మంగళస్నానాల షీట్ ఉంటది, గదే మళ్ళ పంపుత. పసుపు పసుపు లెక్కనే వస్తే ల్యాబ్ మంచిది. నారింజ లెక్క వచ్చిందనుకో, దండం వెట్టి వస్త.”

జవాబు ముందే తెలిసిన నమూనాను యంత్రానికి ఇచ్చి, యంత్రాన్నే పరీక్షించడం మా పరీక్షశాలలో ప్రతి ఉదయం జరిగే పని. దానికి మాకు రాతపూర్వక నియమాలున్నాయి, ఏటేటా తనిఖీలున్నాయి. ఈవిడకు ఆ నియమం ఎవరూ ఇవ్వలేదు. పసుపు రంగు చెడి, పెళ్ళివారు మాటలంటే, దాని నుంచి తనే కట్టుకున్నారు. ఒక మంచి ఆలోచన రెండు వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టిందని చూసినప్పుడు కలిగే సంతోషం నాకు ఆ వేళ కలిగింది.

దానికి నేను ఒక్కటి జోడించాను. అడిగినదానికల్లా ‘పడుతుంది’ అనే దుకాణదారుడు ఈ పరీక్షలో తప్పించుకుంటాడు. అందుకని నా పాత కంప్యూటర్ నుంచి వెనకటి తరపు ర్యామ్ ముక్క ఒకటి తీసి ఇచ్చాను. అది ఆ పెట్టెలో ఏనాటికీ పట్టదు. ఆవిడ రెండింటినీ చేతిలో పెట్టుకుని చూసి నవ్వారు. “ఇది దొంగ ప్రశ్న అన్నట్టు,” అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, బస్ డిపో దాటాక సందుల్లో కంప్యూటర్ దుకాణాలు వరసగా ఉంటాయి. మొదటి దుకాణంలోని యువకుడు మోడల్ నంబరు ఫొటో చూడకుండానే పెదవి విరిచాడు.

“రెండూ పడయ్ మేడమ్. కంపెనీ మాల్‌కు కంపెనీ ర్యామే వేయాలె. మా దగ్గర ఉంది, ఇయ్యమంటరా?”

“ఇది లోపల్నుంచే తీసిన తమ్మీ,” అనలేదు ఆవిడ. “ఇంట్ల అడిగొస్త,” అని మర్యాదగా బయటకు వచ్చారు. మెట్లు దిగాక మాత్రం, “లోపలున్నది లోపల పడదంట సార్,” అని కొంగు అడ్డం పెట్టుకున్నారు.

రెండో దుకాణంలో మనిషి మహా ఉదారుడు. రెండూ పడతాయన్నాడు. పడకపోతే కొంచెం గట్టిగా నొక్కమన్నాడు. నేను ముక్కలు రెండూ వెనక్కి తీసుకున్నాను.

మూడో దుకాణం యజమాని నడివయసువాడు, ‘మాది కృష్ణా జిల్లా’ అని అడగకుండానే చెప్పుకునే రకం, తన గొప్పలు తాను దాచుకోని మనిషి. ముక్కలు రెండూ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అడుగున ఉండే గాటు రెండింటికీ ఒకే చోట లేదు. “ఇది పడుతుందండి. ఇది చచ్చినా పట్టదండి. ఈ బజార్లో ఈ మాట చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే, రాసిపెట్టుకోండి,” అన్నాడు. తర్వాత మోడల్ ఫొటో చూశాడు, మా ముఖాలు చూశాడు. “ఈ మంచిది ఆ పెట్టెలోదే కదా? నాకు పరీక్ష పెట్టారా మేడమ్?”

“పెట్టిన. పాసైండ్రు.”

“ఫస్ట్ క్లాసేనా?”

“ఇంకొక సవాల్ ఉన్నది,” అని ఆవిడ ఎస్‌ఎస్‌డీ సంగతి అడిగారు. నేను పెట్టె లోపలి ఫొటో చూపించాను. ఆయన ఫొటోను పెద్దది చేసి, కళ్ళజోడు పైకి నెట్టి, చాలాసేపు చూశాడు.

“తెలియదండి. స్లాటులోని గాటును బట్టి ఈ జాతి కావచ్చు. కావచ్చంటున్నాను, అవుతుందనడం లేదు. తీసుకెళ్ళండి, గుర్తించకపోతే గీత పడకుండా తెచ్చివ్వండి, రెండోది ఇస్తాను.”

ఆ గొప్పల మనిషి నోట ‘తెలియదు’ అన్న మాట వినడం నాకు నచ్చింది. అయినా నోటిమాట చాలదు కనుక, మార్చి ఇస్తానని బిల్లు మీద రాయమన్నాను. ఆయన రాస్తూ ఆవిడతో, “మీ సార్ ఇంట్లో కూడా ఇంతేనా?” అన్నాడు. “మా సార్ గాదు, ఇంటి ఓనర్. కొబ్బరికాయ గూడ ఊపే కొంటడంట,” అన్నారు ఆవిడ.

మా మధ్య తేడా ఇంటికి వచ్చాకే వచ్చింది. నేను ముందు ర్యామ్ ఒక్కటే పెట్టి, తలంబ్రాల షీటు తెరిచి చూసి, ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ జోలికి వెళ్దామన్నాను. ఒకసారికి ఒక మార్పు అన్నది నాకు ఉద్యోగం నేర్పిన మొదటి పాఠం.

“ఎంతసేపు చూస్తరు సార్?”

“రెండు రోజులు పనిచేసి చూస్తే నిలకడగా తెలుస్తుంది.”

“రెండు దినాలు పోతే నా షీట్లు ఎవరు చేస్తరు? మళ్ళొకసారి విప్పాలె, మళ్ళ పని బంద్. రెండు ఒక్కసారే పెట్టుండ్రి.”

“రెండూ కలిపి మారిస్తే, బాగుపడింది దేనివల్లో తెలియదండీ.”

“తెల్వకపోతే నాకేమయితది?”

నాకు ఏమవుతుందో చెప్పగలను. ఆవిడకు ఏమవుతుందో ఎంత వెతికినా దొరకలేదు. ఆల్బమ్ ఫైళ్ళు జాగ్రత్త చేశారా అని మాత్రం అడిగాను. ఒక కాపీ తన బీరువాలో, మరొకటి సరూర్‌నగర్‌లోని చెల్లెలి ఇంట్లో ఉన్నాయనీ, రెండింటినీ తెరిచి చూసుకున్నాననీ చెప్పారు. కాపీ తీసేవాళ్ళను చాలామందిని చూశాను. తీసిన కాపీ తెరుచుకుంటుందో లేదో చూసేవాళ్ళు అరుదు.

రెండూ ఒక్క రోజే మార్చాం: పాత ర్యామ్‌ను దాని చోట తిరిగి పెట్టి, ముందు ఎస్‌ఎస్‌డీ బిగించాం. పాత డిస్కులోదంతా ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అంటే పుల్ల జాతి సరిపోయింది, యంత్రం దాన్ని గుర్తించింది. యంత్రాన్ని ఆపి, కొత్త ర్యామ్ కూడా దించి, చివరకు మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మీద ఏమీ లేదు. కొత్త ర్యామ్ పెట్టినప్పుడు కొన్ని యంత్రాలు మొదటిసారి ఇలా ఆలస్యం చేస్తాయని చదివాను. చదివానే తప్ప చూడలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ కుర్చీ వెనక నిలబడి, కుర్చీ అంచును రెండు చేతులతో పట్టుకున్నారు.

కాసేపటికి తెర మీద కంపెనీ గుర్తు కనిపించింది. తర్వాత ఆవిడ పెట్టుకున్న యాదగిరిగుట్ట బొమ్మ వచ్చింది. ఆవిడ కూర్చుని నేరుగా తలంబ్రాల షీటు తెరిచారు. తెరుచుకుంది. పెళ్ళికూతురు నిండుగా ఉంది, ప్రతి బియ్యపుగింజా విడిగా ఉంది. ఆవిడ ఒక పొరను పక్కకు జరిపారు, వెనక్కి తెచ్చారు, మళ్ళీ జరిపారు. “మస్తుగున్నది,” అని మాత్రం అన్నారు. అప్పటికే ఆవిడ చేయి తర్వాతి షీటు మీద ఉంది.

ఆల్బమ్ నమూనా అనుకున్న రోజుకే పెళ్ళివారి ముందుకు వెళ్ళింది. సీజన్ పని ఆవిడ దగ్గరే ఉంది. సైదాబాద్ మాట మళ్ళీ రాలేదు. పై అంతస్తులో ఇప్పుడు మౌస్ చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ కంప్యూటర్‌ను నిలబెట్టింది ర్యామా, ఎస్‌ఎస్‌డీయా, రెండింటి కలయికా? ఊహించగలను కాని ఊహను జవాబని రాయలేను. కొత్త ర్యామ్‌ను ఒక్క పూట తీసి, అదే షీటు తెరిచి చూస్తే చాలు, తేలిపోతుంది. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగినప్పుడు వెళ్ళి అడిగాను. గడిచిన సీజన్ ఆల్బమ్‌లు ఇంకా మిగిలున్నాయనీ, నడుస్తున్న దాన్ని విప్పనివ్వననీ చెప్పి, ఛాయ్ తాగి పొమ్మన్నారు. ఆ యంత్రం ఒక పూట ఖాళీగా ఉంటే తప్ప నాకు జవాబు దొరకదు. అది ఖాళీగా ఉండే పూట ఇంతవరకు రాలేదు.