నెత్తురు పరీక్షకు నేను తయారైన వారం

గోదావరిల మోకాళ్లలోతు దిగి, దోసిట్ల నీళ్లు పట్టుకొని చెప్తున్న: ఇందుల ప్రతి అక్షరం నిజం. నాందేడ్ల నన్ను ఎరిగినోళ్లు ఈ మాటకే నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి. ఇరవై ఏండ్ల నుంచి రైల్వే పార్సిల్ ఆఫీసుల కూసొని నేను చెప్పిన కథలు నమ్మి మోసపోయినోళ్లు వాళ్లు. వాళ్ల కోపం వాళ్లది.

ఎనిమిది నెలల నుంచి నేను గోడ దిక్కు తిరిగి పండుతున్న. ఒక పొద్దున నా భార్య చపాతీ పిండి పిసుకుకుంట, నా మొఖం చూడకుంటనే అడిగింది.

"నా మీద మనసు విరిగిందా? విరిగితే విరిగిందని చెప్పు. ఊరందరికి అన్ని కథలు చెప్తవు, నాకు ఒక్క మాట చెప్పరాదా?"

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పోయిన. ఆయన నా రామాయణం సగంల ఆపి, "వయసు పెరుగుతుంటే కొందరు మగోళ్లకు ఒక హార్మోన్ తగ్గుతది. టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించుకో. తొమ్మిదిలోపు, పరిగడుపున" అని చీటీ రాసిచ్చిండు. ఇంటికొచ్చి ఆ చీటీ ఆమె చేతుల పెట్టిన. "తప్పు నా నెత్తురుది కావచ్చు, నీది మాత్రం కాదు" అన్న. ఆమె దాన్ని అటు ఇటు తిరగేసి చూసి, మడిచి, కొంగుకు ముడేసుకున్నది.

అంటే రిపోర్టుల తక్కువ రావాలె. తక్కువొస్తెనే ఆమె మనసుల ముల్లు పోతది. అది తెలిసి గూడ నేను చేసిన పని చూడుండ్రి.

పక్కింట్ల ఒక మామ ఉన్నడు, రైల్వే గార్డు చేసి రిటైరైనాయన. చీటీ సంగతి ఎట్ల పసిగట్టిండో, గోడ మీది నుంచి తలకాయ పెట్టిండు.

"అల్లుడా, చదువకుంట పరీక్షకు పోతరా ఎవలన్న? తక్కువ పడిందనుకో, ల్యాబోడు వాని దోస్తుకు చెప్తడు, ఆ దోస్తు స్టేషన్ల చెప్తడు. వారం దినాలు కడుపుకు గట్టిగ పెట్టు."

మా మగోళ్లకు ఇదొక రోగం. పరీక్ష అంటే పాస్ కావాలె, గంతే. షుగర్ పరీక్షకు ముందు రెండు దినాలు చాయ్‌ల చక్కెర బంద్ పెట్టి, రిపోర్టు మంచిగొచ్చిందని పేడాలు పంచేటోళ్లం మేము. నేను గూడ సరే అన్న.

మామ మటన్ దుకాణం నుంచి కపూరాలు తెచ్చిండు. మేకపోతు వృషణాలు అని రాస్తే కొంచెం మర్యాదగ వినపడతది గాని, పళ్లెంల వాటికి ఏ మర్యాదా లేదు. తెల్లగ, నున్నగ, నీలం నరాలతోటి, ఎవలవో కండ్లు పెరికి పెట్టినట్టు నా దిక్కే చూస్తున్నయ్. కొరికితే మీది పొర టప్పున పగిలి, మేకల దొడ్డి వాసన ముక్కులకెక్కింది. దాని మీద పాలల్ల పచ్చి గుడ్డు. ఆ గుడ్డు సొన తీగ లెక్క సాగి, సగం కడుపుల, సగం గొంతుల ఏలాడింది. మింగుదామంటే పోదు, కక్కుదామంటే రాదు. నాలుగో దినం నేను తేన్చితే మా గల్లీ కుక్క లేచిపోయి అవతల పండింది. ఐదో దినం ఆఫీసుల పెద్దసారు పిలిస్తే "మ్మే" అన్న.

ఎనిమిదో దినం పొద్దుగాల ఇద్దరం ల్యాబుకు పోయినం. చినిగిన రెగ్జిన్ బెంచీ, దాని మీద ఏందో తడి. కౌంటర్ మీద మూత సరిగ్గ పెట్టని ఉచ్చ సీసలు వరుసగ ఉన్నయ్, వాటి పక్కనే కౌంటర్ పిల్ల తినే అటుకుల పోహా పళ్లెం. తినే చేత్తోనే సీస జరిపి, అదే చేత్తోటి నిమ్మకాయ పిండుకొని, ఆ పరీక్షకు వచ్చిన కాక ఎవలని గొంతెత్తి మరాఠీల అరిచింది: "టెస్టోస్టెరాన్‌వాలే కాకా కోణ్?"

బెంచీ మొత్తం నా దిక్కు తిరిగింది. ముఖేడ్ నుంచి వచ్చిన ముసలాయన నన్ను మెల్లగ అడిగిండు, "గదేం పరీక్ష, భావు?"

"నాయ్‌గావ్ జాతరల కుస్తీ పట్టిన" అన్న. "బలం సూది ఏసుకొని దిగిన్నని ఓడినోడు ఫిర్యాదు చేసిండు. అందుకే నెత్తురు చూస్తరట."

ఆయన నా బొజ్జను పైనుంచి కిందికి కొలిచిండు. "ఓడినోడు బతికున్నడా? మీద పడ్డవా ఏంది?"

అందరు నవ్విండ్రు. నా భార్య నవ్వలేదు. "ఈడ గూడ కథలేనా" అని, ఇంకా మెల్లగ, "తక్కువ రావాలని పొద్దున దీపం పెట్టి మొక్కిన" అన్నది.

వారం దినాల మేకను కడుపుల పెట్టుకొని నేను సూది గదిలకు నడిచిన.

లోపల సూది వేసేటోడు అరచేతుల ఖర్రా నలుపుతున్నడు. ఆ తంబాకు నోట్ల ఏసుకొని, ఆ చేతికే గ్లౌజు తొడిగి, నా దండచెయ్యి పట్టిండు. రెండుసార్లు పొడిచినా నరం దొరకలేదు. అంగీ చేయి పైకి మడిస్తే చంకల నుంచి నా వాసనే నన్ను కొట్టింది. వేలాడే నా కండను వాడు వేళ్లతోటి ఒత్తుతుంటే, వాని ఖర్రా మీద కంటె నా ఒంటి మీదనే నాకు ఎక్కువ రోత పుట్టింది.

తెల్లారి సాయంత్రం రిపోర్టు ఫోన్లకు వచ్చింది. "తక్కువున్నది" అని ఆమెకు చదివి వినిపించిన.

ఆమె కింద కూలబడ్డది. "గంతేనా? నెత్తురేనా?" అన్నది. కండ్లు తుడుచుకున్నది, నవ్వింది, మళ్ల కండ్లు తుడుచుకున్నది. ఎనిమిది నెలలల్ల ఆ నవ్వు అదే మొదలు.

ఇగ ఒప్పుకోవాలె. మేక నిజం, గుడ్డు నిజం, "మ్మే" గూడ నిజమే, కావాల్నంటే పెద్దసారును అడుగుండ్రి. నేను కల్పించింది "తక్కువ" అన్న ఒక్క మాట. రిపోర్టుల అంకె ఉండవలసిన కాడనే ఉన్నది. "ఇది మేక పుణ్యమా?" అని డాక్టరును అడిగిన. "వారం తిండికి పెరిగేది కాదది" అని నవ్విండు. నా నెత్తురుకు ఏం కాలేదు. అద్దంల ఈ బొజ్జను, ఈ గార పట్టిన పండ్లను, ఈ వేలాడే కండను చూసి నాకే రోత పుట్టి, ఆమె దీన్ని ముట్టుకోవద్దని గోడ దిక్కు తిరిగిన. ఆ మాట ఆమెతోటి అనుడు కంటె కపూరాలు మింగుడే సులువైంది.

ఆమె చదివింది మరాఠీ బడిల. తెలుగు మాట్లాడుతది గాని చదువరాదు. అందుకే ఇది తెలుగుల రాసిన.